మా రోజుల్లో లెక్క కట్టేవాళ్ళం

ఇవాళ ఇంటర్ పాసైన కుర్రాడు "నాకు ఇంజనీరింగ్ వద్దు, బీయస్సీ లెక్కల్లో చేరతాను" అన్నాడంటే ఇంటిల్లిపాదీ మొహాలు వేలాడేస్తారు. ర్యాంకు రాలేదేమో పాపమని చుట్టాలు ఓదారుస్తారు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ చదివించి చూడండని పక్కింటివాళ్ళు కోచింగ్ సెంటర్ పేరు కూడా చెబుతారు. మా రోజుల్లో ఎం.పి.సి.లో సీటు దొరికితే ఊళ్ళో పిలిచి మరీ చెప్పుకునేవాళ్ళు. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మూడూ కలిపి మూడేళ్ళు చదివి గట్టెక్కినవాడు ఎక్కడైనా బతకగలడని పెద్దలకు నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు. బ్యాంకులు, రైల్వేలు, టెలిఫోన్సు, బడులు, కాలేజీలు, ఎక్కడ చూసినా మావాళ్ళే ఉండేవాళ్ళు.

డెబ్బయ్యో దశకంలో కృష్ణా జిల్లాలో ఆ చదువు చదివి, తర్వాత ఉద్యోగం ఉన్నంతకాలం డిగ్రీ పిల్లలకు ఆ లెక్కలే చెప్పినవాణ్ణి. నా బాధ ఖాళీ సీట్ల గురించి కొంతే. ఎక్కువ బాధ నిండిన సీట్ల గురించి. ఆ సీట్లలో కూర్చున్న పిల్లల చేత లెక్క కట్టించడం మనం మానేశాం. జవాబు రాబట్టడం మాత్రం నేర్పుతున్నాం. మాటల్లో ఉన్న సంగతిని సమీకరణంగా మార్చడం, దాన్ని సాధించడం, వచ్చిన అంకె నిజంగా జరిగేదేనా అని వెనక్కి తిరిగి చూసుకోవడం. అప్లైడ్ మ్యాథ్స్ అంటే ఈ మూడూ. ఇప్పుడు మొదటిదీ లేదు, చివరిదీ లేదు. నడుమ ఉన్న ముక్క ఒక్కటే మిగిలింది. అదీ ఫోను చేసిపెడుతోంది.

మాకు మొదటి గురువు లోనీ. ఆయన రాసిన స్టాటిక్స్, డైనమిక్స్ పుస్తకాలు అప్పటికే డెబ్బై ఎనభై ఏళ్ళ నాటివి. ఆయన త్రికోణమితి పుస్తకంతోనే శ్రీనివాస రామానుజన్ చిన్నప్పుడు లెక్కల్లో పడ్డారని మా మాస్టారు చెబితే ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నాం. కలనగణితానికీ ఘనజ్యామితికీ శాంతినారాయణ్. బీజగణితానికి హాల్ అండ్ నైట్. ఇక విశాలాంధ్ర వాళ్ళ దగ్గర రష్యా నుంచి వచ్చిన మీర్ ప్రచురణల పుస్తకాలు దొరికేవి. గట్టి అట్ట, మంచి కాగితం, ధరకు మాత్రం సినిమాకు దాచుకున్న డబ్బులు సరిపోయేవి. పిస్కునోవ్ కలనగణితం అలా కొనుక్కున్నవాళ్ళు మా తరంలో ఊరికి నలుగురు ఉంటారు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో వేయడంతో పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు అవకలన సమీకరణాలు, సదిశలు, మాత్రికలు సొంత భాషలో అందాయి. ఇంగ్లీషులో తడబడిన మా స్నేహితులు ఆ పుస్తకాలు చేతికొచ్చాక లెక్కల్లో మమ్మల్ని దాటిపోయారు.

పుస్తకాలు ఒక ఎత్తు, మా మాస్టారు చదివించిన తీరు ఒక ఎత్తు. స్టాటిక్స్‌లో నిచ్చెన లెక్క ఉంటుంది. నున్నటి గోడకు నిచ్చెన ఆనించారు, నేల గరుకుగా ఉంది, ఒక మనిషి ఎక్కుతున్నాడు, ఎంత ఎత్తుకు వెళితే నిచ్చెన జారుతుంది? మేం సూత్రం కోసం పేజీలు తిరగేస్తుంటే ఆయన ఒకే మాట అనేవారు: "ముందు బొమ్మ గియ్యరా." నిచ్చెన బరువు నడిమధ్య నుంచి కిందికి. గోడ నున్నగా ఉంది కాబట్టి అది నెట్టేది అడ్డంగానే. నేల పైకి నెడుతుంది, దాని రాపిడి నిచ్చెన కాలిని గోడవైపు పట్టి ఉంచుతుంది. బాణాలన్నీ సరైన దిక్కుల్లో పడితే సగం లెక్క అయిపోయినట్టే. నిచ్చెన అడుగు దగ్గర భ్రామకాలు తీసుకుంటే, మనిషి పైకి వెళ్ళే కొద్దీ గోడ నెట్టుడు పెరుగుతుందనీ, దాన్ని తట్టుకోవాల్సిన భారమంతా కింద రాపిడి మీదే పడుతుందనీ, నేల పైకి నెట్టే బలం మాత్రం మారదనీ కళ్ళకు కనబడుతుంది. నిచ్చెన పైమెట్లు ఎందుకు ప్రమాదమో ప్రతి సున్నం కొట్టేవాడికీ తెలుసు. ఎందుకో రాసి చూపించడం మాకు వచ్చింది. ఇప్పుడు స్టాటిక్స్, డైనమిక్స్ చాలాచోట్ల సిలబస్‌లో ఒక మూలకు జరిగాయి. బలాల బొమ్మ ఒక్కసారి కూడా గియ్యకుండా లెక్కల డిగ్రీ పట్టుకుపోతున్న పిల్లల్ని నేను చూశాను.

న్యూమరికల్ మెథడ్స్‌లో ఒక లెక్క చదివినవాళ్ళు ఎవరూ మర్చిపోరు. నది వెడల్పు 80 అడుగులు. ఒక గట్టు నుంచి పది పది అడుగులకు లోతు కొలిచారు: 0, 4, 7, 9, 12, 15, 14, 8, 3. నది అడ్డుకోత వైశాల్యం ఎంత? సింప్సన్ సూత్రం పెట్టాలి. మొదటి చివరి లోతులు కలిపితే 3. సరి సంఖ్యల వరసలో వచ్చే నాలుగు లోతుల మొత్తం 36, దానికి నాలుగు రెట్లు 144. మిగిలిన మూడింటి మొత్తం 33, దానికి రెట్టింపు 66. అన్నీ కలిపి 213. దాన్ని పదితో గుణించి మూడుతో భాగిస్తే 710 చదరపు అడుగులు. పరీక్షలో ఇంతవరకే అడుగుతారు. మా మాస్టారు అక్కడ ఆగనిచ్చేవారు కారు. అదే లెక్క ట్రెపిజాయిడ్ సూత్రంతో కట్టించేవారు. 705 వచ్చేది. ఐదు చదరపు అడుగుల తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకటి నది అడుగును గీతలుగా విరిచింది, ఇంకోటి వంపులుగా చూసింది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న: నీరు సగటున సెకనుకు మూడు అడుగుల చొప్పున పోతుంటే ప్రవాహం ఎంత? 710ని మూడుతో గుణిస్తే 2130 క్యూసెక్కులు. నది పైన నీరు జోరుగా, అడుగున నెమ్మదిగా పోతుంది కదా, మరి సగటు వేగం ఎక్కడ కొలుస్తారు? పైనుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర కరెంట్ మీటర్ దింపుతారని ఇరిగేషన్ వాళ్ళను అడిగి తెలుసుకోమనేవారు.

1986 ఆగస్టులో గోదావరి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని పేపర్లో చదివినప్పుడు ఆ అంకె ఎలా పుడుతుందో మాకు తెలుసు. లోతులు, వేగాలు, వాటిని కలిపే సూత్రం. ఇవాళ అదే లెక్క గైడులో మూడు లైన్లలో సాధించి ఉంటుంది. పిల్లవాడు మూడు లైన్లూ బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటాడు. నీ ఊరి పక్కన ఉన్న కాలువకు ఇదే లెక్క కట్టి చూపించు అంటే తెల్లమొహం వేస్తాడు. తప్పు వాడిది అనను. వాణ్ణి కాలువ దగ్గరికి పంపినవాళ్ళెవరూ లేరు.

గుణకారాలకు మాకు క్లార్క్స్ టేబుల్స్. ఆ లాగరిథం పుస్తకం పరీక్ష హాల్లో పక్కన లేకపోతే చేయి విరిగినట్టుండేది. ఇప్పటివాళ్ళు దాన్ని పాత సామాను అనుకుంటారు. అందులో ఒక పెద్ద పాఠం ఉంది. పట్టికలో 71కి ఎదురుగా 8513 అని ఉంటుంది. 7.1 అయినా, 710 అయినా, 7100 అయినా పట్టిక ఇచ్చేది అదే 8513. దాని ముందు సున్నా పెట్టాలా, రెండు పెట్టాలా, మూడు పెట్టాలా అన్నది పట్టిక చెప్పదు, కట్టేవాడే నిర్ణయించుకోవాలి. అంటే ప్రతి గుణకారానికి ముందూ మేం ఒక్క క్షణం ఆగి ఈ సంఖ్య వందల్లో ఉందా, వేలల్లో ఉందా అని ఆలోచించాల్సిందే. మూడేళ్ళు అలా ఆలోచిస్తే అంకె పరిమాణం మనసుకు పట్టేస్తుంది. క్యాలిక్యులేటర్ తొమ్మిది అంకెలు ఇస్తుంది, ఆలోచన మాత్రం అడగదు. నది అడ్డుకోత వైశాల్యం 71 చదరపు అడుగులని రాసి, దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెలు చేర్చి, నిశ్చింతగా తర్వాత ప్రశ్నకు వెళ్ళిపోయిన పేపర్లు నేను దిద్దాను. ఎనభై అడుగుల వెడల్పున్న నదికి 71 చదరపు అడుగులంటే సగటు లోతు అడుగు కూడా లేదు. లోతులన్నీ ప్రశ్నలోనే ఉన్నాయి. ఒక్కసారి చూసుకుని ఉంటే చాలు.

స్టాటిస్టిక్స్ ల్యాబులో ఫాసిట్ మెషిన్ ఉండేది. చేత్తో పిడి తిప్పితే గుణకారం, వెనక్కి తిప్పితే భాగహారం. భాగహారంలో ఒక చుట్టు ఎక్కువ తిప్పితే గంట కొట్టేది. హద్దు దాటావని అది మాకు చెప్పేది. ఇప్పటి కంప్యూటర్ అలా గంట కొట్టదు. ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ఒక రాశి తగ్గే వేగం దాని విలువకు పది రెట్లు అనుకోండి, మొదట విలువ 1. అసలు జరిగేదేమిటంటే అది గబగబా తగ్గి సున్నాకు చేరుతుంది. ఆయిలర్ పద్ధతిలో అడుగు 0.3 పెట్టి కట్టండి. మొదటి అడుగుకు జవాబు మైనస్ 2. రెండో అడుగుకు ప్లస్ 4. మూడోదానికి మైనస్ 8. సున్నాకు పోవాల్సింది అటూ ఇటూ ఊగుతూ కొండలా పెరుగుతోంది. అదే అడుగు 0.05 పెడితే 0.5, 0.25, 0.125 అంటూ బుద్ధిగా దిగుతుంది. చేత్తో కట్టినవాడు రెండో అంకె దగ్గరే కలం ఆపి, అడుగు పెద్దదైందని పట్టేస్తాడు. ఇప్పుడు ప్రోగ్రాము నడిపితే వెయ్యి అడుగుల గ్రాఫు రంగుల్లో వస్తుంది. పిల్లవాడు దాన్ని ప్రాజెక్టు రిపోర్టులో అంటిస్తాడు. వైవాలో ఎవరూ అడగరు.

ఇది పరీక్ష పేపర్ల సంగతే అనుకోకండి. వాతావరణాన్ని సమీకరణాలతో ముందే లెక్కకట్టాలని మొదట్లో పూనుకున్న ఇంగ్లీషాయన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచయుద్ధంలో అంబులెన్సు నడుపుతూనే ఆరు గంటల వాతావరణం చేత్తో లెక్కకట్టాడు. 1922లో దాన్ని పుస్తకంగా వేశాడు. ఆ లెక్క ప్రకారం ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరగాలి. నిజానికి పీడనం దాదాపు కదలనే లేదు. ఆయన తన జవాబును దాచలేదు, ఉన్నదున్నట్టు అచ్చేశాడు. మొదట్లో వేసుకున్న గాలుల కొలతల్లోని చిన్న పొరపాట్లే అలా పెరిగి పెద్దవయ్యాయని తర్వాతివాళ్ళు తేల్చారు. అడుగు పెద్దదై లెక్క చెడిపోకుండా, కాలంలో వేసే అడుగుకూ స్థలంలో వేసే అడుగుకూ మధ్య ఉండాల్సిన నియమాన్ని 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ రాశారు. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద మొదటి అంచనా నడిచింది. 1977 నవంబరు 19న దివిసీమను సముద్రం ముంచేసిన రోజులు చూసిన తరం మాది. వేల ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతుందని రోజుల ముందే చెప్పగలిగారు. ఆ నడుమ ఉపగ్రహాలు, రాడార్లు మెరుగయ్యాయి, వాటితోపాటు ఈ లెక్కలు కట్టేవాళ్ళు వచ్చారు. తుపాను తీరాన పుట్టిన మన పిల్లలు ఈ లెక్క నేర్చుకోకపోతే ఎవరు నేర్చుకుంటారు?

ఇప్పుడు పిల్లలు డిగ్రీకి వచ్చేసరికే చేయి పడిపోయి వస్తున్నారు. ఇంటర్ రెండేళ్ళూ ఎంట్రెన్సు కోసమే. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలు. ప్రశ్నకు నిమిషం పైన కాస్త. ఆ నిమిషంలో ఎవరైనా బొమ్మ గీస్తారా? నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేసి, మిగిలినవాటిలో ఒకటి ప్రతిక్షేపించి చూసి, జవాబు గుర్తించడం నేర్పుతారు. అదీ ఒక నైపుణ్యమే, కాదనను. ఆ నైపుణ్యంతో వచ్చినవాడికి ఆప్షన్లు లేని ప్రశ్న ఇస్తే గాలిలో చేతులాడిస్తాడు. క్లాసులో కొత్త లెక్క మొదలుపెట్టగానే ముందు వరస నుంచి వచ్చే మొదటి మాట "సార్, ఇది ఇంపార్టెంటా?" ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు గుండె కలుక్కుమనేది. మా రోజుల్లో మేం అడిగింది "మాస్టారూ, ఇలా ఎందుకు తీసుకున్నారు?" అని. సెమిస్టరు పద్ధతి వచ్చాక ఆ "ఎందుకు"కు టైమే లేకుండా పోయింది. పాఠం సగంలో ఉండగానే ఇంటర్నల్స్, అవి అయ్యాయనగానే ఫైనల్స్. ఏడాది పొడుగునా ఒక పుస్తకంతో సహవాసం చేసే అవకాశం పోయింది.

పాఠం చెప్పేవాళ్ళ సంగతి ఇంకా బాధ. పీజీలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు గెస్ట్ లెక్చరర్లుగా గంటల లెక్కన పాఠాలు చెబుతున్నారు. వచ్చే ఏడు ఉంటారో లేదో తెలియదు. అలాంటివాళ్ళు ఒక పిల్లవాణ్ణి మూడేళ్ళు కనిపెట్టుకుని తయారుచేయడం ఎలా? చాలా ఊళ్ళలో లెక్కల సెక్షన్లకు పిల్లలు రాక కాలేజీలు వాటిని ఎత్తేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే సబ్జెక్టు ప్రధానంగా చదివే ఒక్క మేజర్ పద్ధతి తెచ్చారు. మా ఎం.పి.సి.లో మూడు సబ్జెక్టులూ సమానం. డైనమిక్స్‌లో కట్టిన డోలన సమీకరణాన్ని మధ్యాహ్నం ఫిజిక్సు ల్యాబులో లోలకం ఊపి సరిచూసేవాళ్ళం. ఆ కొత్త పద్ధతిలో లెక్కల మేజరు పిల్లవాడు ఫిజిక్సు లోతు చూడకుండానే పట్టా పుచ్చుకోవచ్చు. నీళ్ళలో దిగకుండా ఈత నేర్చుకున్నట్టుంటుంది, ఫిజిక్సు లేని అప్లైడ్ మ్యాథ్స్.

ఇప్పుడు బాగుపడ్డవి కూడా ఉన్నాయి, చెప్పకపోతే అన్యాయం. మా క్లాసులో ఆడపిల్లలు ముందు బెంచీకి సరిపోయేంతమందే. వాళ్ళలో చాలామందికి డిగ్రీ కాగానే పెళ్ళి చేసి చదువు ఆపించారు. వాళ్ళలో ఒకమ్మాయి మా అందరికంటే మెరుగ్గా లెక్క కట్టేది. ఇవాళ లెక్కల క్లాసులో ఆడపిల్లలు సగానికి తక్కువ లేరు, పీహెచ్‌డీలు చేస్తున్నారు. అది చూసి నా కడుపు నిండింది. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో పైసా ఖర్చు లేకుండా వినవచ్చు. పైథాన్ ఉచితం. మేం ఒక్క పుస్తకం కోసం లైబ్రరీలో పేరు రాయించుకుని నెలలు ఎదురుచూసిన చోట, ఇవాళ గ్రంథాలయమంతా జేబులో ఉంది. ఇంత సరంజామా ఉండి కూడా లెక్క కట్టే చేయి లేకపోవడమే నాకు మింగుడుపడనిది.

దానికి తోడు, లోకానికి ఈ చదువు ఇప్పుడే ఎక్కువ కావాలి. పిల్లలందరూ వెంటపడుతున్న మెషిన్ లెర్నింగ్‌లో ఏముంది? సెకండియర్‌లో మేం నేర్చుకున్న మాత్రికలు, ఐగెన్ విలువలు, పాక్షిక అవకలనాలు, సంభావ్యత. ఆ యంత్రాలు నేర్చుకునే గ్రేడియంట్ పద్ధతిని కోషీ 1847లోనే రాశాడు. గూగుల్ తొలినాళ్ళలో పేజీలకు ర్యాంకులిచ్చిన పద్ధతి ఒక పెద్ద మాత్రిక ఐగెన్ సదిశను వెతకడమే. లీనియర్ ప్రోగ్రామింగ్‌కు డాంట్జిగ్ 1947లో ఇచ్చిన సింప్లెక్స్ పద్ధతి ఇవాళ్టికీ కర్మాగారాల్లో పనిచేస్తోంది. ఇవన్నీ బీయస్సీ సిలబస్‌లో ఉన్నాయి. లక్షలు పోసి ఇంజనీరింగ్ చదివిన పిల్లలు, కోర్సుల పేరిట మళ్ళీ డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో ఈ లెక్కలే నేర్చుకుంటున్నారు.

లెక్కలు చదివితే ఏమవుతారని అడిగేవాళ్ళకు సి.ఆర్. రావుగారి పేరు ఒక్కటి చాలు. 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల ఎం.ఏ. చేశారు. సర్వే యూనిట్‌లో ఉద్యోగం కోసమని కలకత్తా వెళ్ళి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి అందులో చేరారు. పాతికేళ్ళ వయసులో, 1945లో రాసిన ఒక్క వ్యాసంతో క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం ప్రపంచానికి అందాయి. ఏ కొలతలోనైనా పొరపాటును ఎంతవరకు తగ్గించగలమో, ఎక్కడ ఆగక తప్పదో ఆ హద్దు చెబుతుంది. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఆయన్ను వరించింది. ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. విశాఖలో లెక్కలు చదువుకున్న మనిషి సూత్రం ఇవాళ రాడార్లలోనూ వాడుతున్నారు. మన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

కాలేజీలవాళ్ళకు చెప్పేదొకటే. స్టాటిక్స్, డైనమిక్స్ వెనక్కి తెండి. ఫిజిక్సును లెక్కల నుంచి విడదీయకండి. మూడేళ్ళలో ఒక్క పరీక్షయినా పుస్తకాలు తెరుచుకుని రాయనివ్వండి, కాని గైడులో లేని ప్రశ్న ఇవ్వండి: మీ ఊరి చెరువు, మీ వీధి నీళ్ళ ట్యాంకు, మీ బస్సు రూటు. పాఠం చెప్పే కుర్రవాళ్ళకు నిలకడైన ఉద్యోగం ఇవ్వండి. తల్లిదండ్రులారా, మీ బిడ్డకు లెక్క అంటే ప్రాణమైతే వాణ్ణి ఇంజనీరింగ్‌లోకి తోయకండి. లెక్కల డిగ్రీని జాలిపడాల్సిన చదువుగా చూడకండి.

ఇక పిల్లలకు. కంప్యూటర్ వాడండి, నేను వద్దనను. అది ఇచ్చిన జవాబును మీ చేత్తో ఒక్కసారి ముతకగానైనా కట్టి చూడండి. వందల్లో రావాల్సింది వేలల్లో వస్తే పట్టుకునే మనిషి ప్రతి ఆఫీసులో, ప్రతి ఆనకట్ట మీద, ప్రతి వాతావరణ కేంద్రంలో కావాలి. ఆ మనిషి మీరు కావచ్చు. అందుకు కావాల్సిందల్లా ఒక తెల్ల కాగితం, ఒక కలం, ఎవరూ సాధించి పెట్టని ఒక లెక్క. కూర్చుని కట్టండి.